క్యారవాన్ కొనేముందు ఒక్క నెల గది అద్దెకి తీసుకుని చూడండి

ఎడిటర్ గారికి నమస్కారాలండీ,

మొన్న మీ ఆదివారం అనుబంధంలో రిటైరయినవాళ్ళు క్యారవాన్, అంటే లోపలే పడకా వంటా ఉండే బండి, కొనుక్కుని దేశమంతా తిరగొచ్చని పెద్ద వ్యాసం వేశారు, పక్కన మంచుకొండల ముందు బండి, బండి ముందు మడత కుర్చీల్లో కూచుని కాఫీ తాగుతున్న ఒక పెద్దాయనా పెద్దావిడా. ఫోటో బాగుందండీ, కాదన్ను. కానీ అది చూసి మా ఊళ్ళో ఒకాయన నిజంగానే బండి బేరం మొదలెట్టాడు, డబ్బెక్కడిదయ్యా అంటే పోస్టాఫీసులో వేసుకున్న సీనియర్ సిటిజన్ డిపాజిట్ తీసేస్తాడంట, ఆ ఖాతా తెరిచిన రోజు కౌంటర్లో కూచున్నది నేనే. అందుకని ఈ ఉత్తరం. కొంచెం పొడుగయ్యింది, జాగా చాలకపోతే ఎక్కడైనా కత్తిరించుకోండి గానీ లెక్కలు మటుకు ఉంచండి.

నేను కోనసీమలో సబ్ పోస్ట్‌మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను. తిరగొద్దని చెప్పే మనిషిని కాదు, నేనూ మా ఆవిడా వానలు తగ్గాక ఇంటికి తాళమేసి పోతాం, ఒక ఊరు చూసుకుని అక్కడ నెలో రెండు నెల్లో ఉండి ఇంకో ఊరు, సంక్రాంతికి పిల్లలొస్తారు గనక మళ్ళీ ఇంటికి, పండగయ్యాక మళ్ళీ ప్రయాణం. ఇదేమన్నా కొత్తా అంటే మన జిల్లాలవాళ్ళకి అస్సలు కొత్త కాదు, మా తాతల నాడు కాశీ వెళ్ళి తొమ్మిది నెలలుండి వచ్చేవాళ్ళు, ఇప్పటికీ కార్తీకంలో కాశీ మానసరోవర్ ఘాట్ దగ్గర ఆంధ్రాశ్రమం వైపు వెళ్ళండి, "ఆయ్, ఎప్పుడొచ్చారండీ" అనే పలకరింపు చెవినపడకుండా బయటికి రాలేరు. కాబట్టి తిరగడం మీద నాకు పేచీ లేదు. బండి కొనడం మీదే పేచీ. ఊరికి వెళ్ళి నెలవారీ గది తీసుకుని ఉండండి, బండి మీద మరీ మోజుంటే ఎక్కడైనా ఓ వారం అద్దెకి తీసుకుని ఆ ముచ్చట తీర్చుకోండి అంటాను.

ముందు డబ్బు సంగతి. బండికి 30 లక్షలనుకుందాం, లోపల బాత్రూమూ ఏసీ ఫ్రిజ్జూ పెట్టించేకొద్దీ పెరుగుద్ది, సెకండ్ హ్యాండ్ అయితే తగ్గుద్ది, నేను ముప్పై అని ఎందుకన్నానంటే సీనియర్ సిటిజన్ స్కీములో ఒక మనిషి వేసుకోగలిగిన పరిమితి అదే, 2023 ఏప్రిల్ ముందు 15 ఉండేది. అదే ఏప్రిల్ నుంచి వడ్డీ 8.2 శాతం ఇస్తున్నారు. 30 లక్షలకి ఏడాదికి 2,46,000, మూణ్ణెల్లకోసారి 61,500 ఖాతాలో పడిపోతాయి, నెల లెక్కన చూసుకుంటే 20,500. ఇన్‌కమ్ టాక్స్ ఎవరిది వాళ్ళకి వేరేగా ఉంటుందనుకోండి. ఆ ఇరవై వేలు నెలవారీ గదికి సరిపోతాయా అంటే మేమున్న ఊళ్ళలో చాలావరకు సరిపోయాయి, డబ్బు మిగిలిన సందర్భాలూ ఉన్నాయి, గోవాలో డిసెంబరులోనూ హైదరాబాదు గచ్చిబౌలి వైపూ మటుకు కుదరవు. గదిలో ఉన్నన్నాళ్ళూ అసలు సొమ్ము కదలదు, ఐదేళ్ళకి మళ్ళీ చేతికొస్తుంది.

అదే డబ్బు బండిలో పెడితే ఏమవుద్దో ఇన్సూరెన్సువాళ్ళ పట్టికే చెప్తుంది. కొత్త బండి విలువలో ఆరు నెలలు దాటితే 15 శాతం కోసేస్తారు, రెండో ఏడు 20, మూడో ఏడు 30, నాలుగో ఏడు 40, ఐదో ఏడు సగానికి సగం. అంటే 30 లక్షల బండి ఐదో ఏట కాగితం మీద 15 లక్షలు, అమ్మబోతే అదీ వస్తుందో రాదో, క్యారవాన్ కొనే మనిషి దొరకాలి కదండీ ముందు. పైన డీజిల్. పెద్ద వ్యాను లీటరుకి పది కిలోమీటర్లు ఇచ్చిందనుకున్నా మన దగ్గర్నుంచి మైసూరుకి దగ్గర దగ్గర వెయ్యి కిలోమీటర్లు, లీటరు వందకి అటూ ఇటూ ఉంది, అంటే వెళ్ళడానికే పది వేలు, టోల్ గేట్లు వేరే, లైఫ్ టాక్స్, టైర్లు, బ్యాటరీలు వేరే. ఇక మా ఊరాయన లాగా డిపాజిట్ మధ్యలో తీసేస్తే ఏడాది దాటి రెండేళ్ళ లోపు అసల్లోంచి ఒకటిన్నర శాతం కోత, 30 లక్షలకి 45 వేలు, రెండేళ్ళు దాటితే ఒక శాతం. ఏడాది లోపయితే ఇచ్చిన వడ్డీ అంతా వెనక్కి పట్టుకుంటారు. ఈ మాట కౌంటర్లో ఎన్నోసార్లు చెప్పాను, జనం అప్పుడు తలూపుతారు.

"అమెరికాలో అందరూ చేస్తున్నారు కదా" అంటారు. చేస్తున్నారు, నిజమే, మా తోడల్లుడు గారు డల్లాస్‌లో ఉద్యోగం మానేశాక ఆర్‌వీ (క్యారవాన్‌ని అక్కడ అలా అంటారు) కొని అక్కడ బాగా తిరిగారు, ఆయన చెప్పగా విన్నవే ఇవి. అక్కడ క్యాంప్‌గ్రౌండ్ అని ఉంటాయి, బండి తీసుకెళ్ళి ఆపితే పక్కనే కరెంటు స్తంభం, చిన్న బండికి 30 ఆంప్స్ పెద్ద బండికి 50 ఆంప్స్, నీళ్ళ కుళాయి, మురుగు పైపు తగిలించుకోడానికి నేలలో గొట్టం, అన్నీ ఉంటాయి. లేదంటే డంప్ స్టేషనుకి వెళ్ళి మురుగు ట్యాంకు ఖాళీ చేసుకుంటారు. సర్కారు భూముల్లో చాలాచోట్ల రెండు వారాల వరకు ఊరికే ఉండనిస్తారు. 62 ఏళ్ళు దాటిన అక్కడివాళ్ళకి నేషనల్ పార్కులన్నిటికీ జీవితకాలం పాసు 80 డాలర్లకే ఇస్తారు. చలికాలం ఆరిజోనా, ఎండాకాలం పైకి. నాకు వీటన్నిటికన్నా నచ్చింది ఏంటంటే అడ్రెస్ ఏర్పాటు, పోస్టాఫీసు మనిషిని కదా, ఇల్లు లేకుండా తిరిగేవాళ్ళు సౌత్ డకోటా, టెక్సాస్, ఫ్లోరిడా లాంటి చోట్ల ఒక అడ్రెస్ పెట్టుకుంటారంట, ఆ మూడు రాష్ట్రాల్లోనూ రాష్ట్రం ఆదాయపన్ను లేదు. టెక్సాస్‌లో లివింగ్‌స్టన్ అనే ఊళ్ళో ఎస్కేపీస్ అని ఆర్‌వీ వాళ్ళ క్లబ్బుంది, 1978లో పెట్టారు, మీ ఉత్తరాలన్నీ వాళ్ళు అందుకుని మీరెక్కడుంటే అక్కడికి పంపిస్తారు. మన దగ్గర పోస్టాఫీసు కేరాఫ్‌గా పోస్ట్ రెస్టాంట్ అని రాస్తే ఉత్తరం కొన్నాళ్ళు అట్టేపెట్టే పద్ధతి ఇప్పటికీ ఉంది, అడిగేవాళ్ళే లేరు.

అదే క్లబ్బు వాళ్ళు అదే ఊళ్ళో ఇంకోటి కూడా నడుపుతున్నారు. వయసు మీదపడో జబ్బుచేసో బండి తోలలేకపోయిన సభ్యులు తమ ఆర్‌వీని అక్కడే ఆపుకుని అందులోనే ఉండొచ్చు, భోజనం పెడతారు, ఆసుపత్రికి తీసుకెళ్తారు. అన్ని సదుపాయాలున్న దేశంలో కూడా ఇలాంటిది ఒకటి కట్టాల్సొచ్చిందంటే ఆలోచించండి. మా తోడల్లుడు గారి కథ కూడా అక్కడికే వచ్చింది, ఆయన కంటికి ఆపరేషనయ్యాక రాత్రిపూట తోలొద్దన్నారు, పగలు కూడా గాలి గట్టిగా వీస్తే ఆ పొడుగు బండిని అదుపులో పెట్టలేకపోయేవారు, మా వదినగారికి కారొచ్చు గానీ ఆ బండి పట్టుకోనంటారు, దాంతో అది ఇంటి ముందు అలా ఉండి ఉండి చివరికి అమ్మేశారు. ఇప్పుడు వాళ్ళూ నెలవారీ గదులే. ఎయిర్‌బీఎన్‌బీ అని ఇళ్ళూ గదులూ అద్దెకి దొరికే సైటులో 28 రాత్రులు దాటితే నెల బుకింగు కింద లెక్క, చాలామంది ఓనర్లు రేటు తగ్గిస్తారు. అక్కడా చిక్కులు లేకపోలేదు, న్యూయార్క్ సిటీలో 2023 సెప్టెంబరు నుంచి నెల లోపు అద్దెలకి రూల్సు బాగా బిగించారు. అయినా కన్ను మసకేసిందని గది అమ్ముకోవాల్సిన పని లేదు కదా అంటారాయన.

ఇక మన దగ్గరికి రండి. కోనసీమలో క్యారవాన్ అంటే జనానికి తెలిసింది సినిమా షూటింగుదే. కాలవ గట్టు మీద పాట తీస్తుంటే అవతల కొబ్బరితోట పక్కన హీరో గారి బండి ఆగి ఉంటుంది, అద్దాలు మూసి, లోపల ఏసీ. మనం చూడంది ఏంటంటే దాని వెనకాల జనరేటర్ గోల, ముందు సీట్లో కాళ్ళు బయటపెట్టి పడుకున్న డ్రైవరు, పొద్దున్నే బకెట్టూ చీపురూ పట్టుకుని ఎక్కే కుర్రాడు, నీళ్ళు నింపే ట్యాంకరు. ఆ పనులన్నీ రిటైరయిన మనిషి ఒక్కడే చెయ్యాలి, అరవై ఐదేళ్ళకి, మోకాళ్ళ నొప్పులతో, అదీ ఎండలో.

పైగా మన రోడ్లు. జాతీయ రహదారి 216 మీద పర్వాలేదు, అక్కణ్ణుంచి దిగారా ఒకపక్క కాలవ, ఇంకోపక్క బోదె, మధ్యలో సింగిల్ రోడ్డు, ఎదురుగా ధాన్యం ట్రాక్టరొస్తే ఎవరో ఒకళ్ళు వెనక్కి పోవాలి. వానాకాలం గట్టు అంచు మెత్తగా ఉంటుంది, లోడు బండి చక్రం దిగిందంటే క్రేను రావాల్సిందే. వీధుల్లో కరెంటు తీగలు, కేబుల్ తీగలు బండి నెత్తిన తగులుతాయి, కొన్ని వంతెనల దగ్గర పెద్ద బండ్లు రాకుండా ఇనుప గొట్టాలు అడ్డం పాతారు. నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవుకి గోదావరి దాటించే పంటు మీద కార్లెక్కిస్తారు గానీ ఈ బండి చూసి ఎక్కించేవాడు ముందు దాని బరువెంతో అడుగుతాడు, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రండి అంటాడు. సరే ఎలాగో వచ్చారు, ఎక్కడ ఆపుతారు? నీడ కావాలి, మన దగ్గర నీడంటే కొబ్బరిచెట్టే. కాయల దింపు తీసి చాలా రోజులైన చెట్టు కింద బండి పెట్టి పడుకోండి చూద్దాం, రాత్రి రెండింటికి ఎండుమట్ట పడినా గుండె జారుద్ది, కాయే పడితే పైన బిగించిన సోలార్ పలక సంగతి చెప్పక్కర్లేదు. మా ఊళ్ళో పిల్లకి కూడా తెలుసు సైకిలు ఎక్కడ పెట్టాలో, బయటివాళ్ళకి తెలీదు. సాయంత్రం ఆరయ్యేసరికి దోమలు, చెరువుల వైపు అయితే ఇంకా ఎక్కువ, తలుపులు మూసుకుంటే ఉక్క, ఏసీ వేస్తే బ్యాటరీ తెల్లారేదాకా ఆగదు.

వీటన్నిటికన్నా నాకు భయం వేసేది మురుగు గురించండీ. ఆ వ్యాసంలో దీని మీద ఒక్క వాక్యం లేదు. బండిలో బాత్రూముంటే కింద ట్యాంకుంటుంది, మనిద్దరికి కొద్దిరోజుల్లో నిండిపోతుంది. అమెరికాలో పారబోసే చోటు చెప్పాను. మన దగ్గర? హైవే మీద పెట్రోలు బంకులో మరుగుదొడ్డి వాడుకోనిస్తారు గానీ ట్యాంకు గొట్టం తెచ్చి పెట్టనియ్యరు. సెప్టిక్ ట్యాంకు లారీవాణ్ణి పిలిస్తే ఇంత చిన్న పనికి రాడు. అప్పుడేం చేస్తారండీ, చీకటిపడ్డాక కాలవ పక్కన ఆపుతారు, ఇంకేం చేస్తారు. ఆ కాలవ ఏంటో బయటివాళ్ళకి తెలీకపోవచ్చు, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో కాటన్ దొర పూర్తి చేసిన దగ్గర్నుంచి మా ఊళ్ళు తాగేది ఆ కాలవ నీళ్ళే. వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేస్తారు, కట్టేముందే ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకుని జూన్ దాకా అదే తాగుతాం. ఇప్పటికే మా కాలవల్లో కలిసేవి చాలా కలుస్తున్నాయి, కొత్తగా టూరిస్టు బండ్ల ట్యాంకులు కూడానా. క్యారవాన్ పార్కులు పెడతామని ఎవరైనా అంటే నేనడిగే మొదటి ప్రశ్న వ్యూ ఎలా ఉంటుందని కాదు, మురుగు ఎక్కడికి పోతుందని. కేరళవాళ్ళు 2021లో క్యారవాన్ టూరిజం పాలసీ తెచ్చి తర్వాతి ఏడాది వాగమన్‌లో మొదటి పార్కు తెరిచారు, అలా ముందు పార్కు, తర్వాత బండ్లు, అదైనా ఒక వరస.

రూల్సు గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. పాత ట్రావెలర్ వ్యాను కొని ఊళ్ళో కార్పెంటర్‌తో మంచం, బీరువా చేయించుకుంటే సరిపోద్దని మావాడొకడు అన్నాడు. సరిపోదు. కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. క్యారవాన్‌కి ఏఐఎస్-124 అని వేరే ప్రమాణముంది, దాని ప్రకారం కట్టి ఆమోదం తెచ్చుకున్నవాళ్ళ దగ్గర కొనుక్కోవాలి, లేకపోతే యాక్సిడెంటయినప్పుడు ఇన్సూరెన్సువాళ్ళు ముందు చూసేది అదే. ఒక రాష్ట్రం బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడ రిజిస్ట్రేషను మార్పించుకోవాలి. ఏ రాష్ట్రంలోనైనా చెల్లే బీహెచ్ నంబరు తీసుకుందామంటే అది సర్వీసులో ఉన్న ప్రభుత్వోద్యోగులకి, నాలుగు రాష్ట్రాలకి తక్కువ కాకుండా ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీ ఉద్యోగులకి, రిటైరయినవాళ్ళకి కాదు. తిరిగేది మనమే, నంబరు మటుకు ఊళ్ళో ఉద్యోగం చేసేవాడికి! 55 దాటాక లైసెన్సు ఐదేళ్ళకోసారి రెన్యువల్, డాక్టరు సర్టిఫికెట్టు ప్రతిసారీ.

అలాగని అద్దె గదులు స్వర్గం అని నేననడం లేదు. అడ్వాన్సు కట్టాక ఫోనెత్తని ఓనర్లున్నారు, ఫోటోలో కిటికీ చూపించి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ చూపించేవాళ్ళున్నారు. ఒక ఊళ్ళో, ఊరి పేరెందుకులెండి, గ్రౌండ్ ఫ్లోరన్నారు, వెళ్ళాక గ్రౌండ్ ఫ్లోరులో పెళ్ళివారు దిగారు మీరు మూడో అంతస్తు సర్దుకోండన్నారు, లిఫ్టు లేదు, మా ఆవిడ మెట్ల మీదే కూచుని నేను ఎక్కనంది, ఆ సాయంత్రానికి మాటల్లోనే డబ్బు వెనక్కి ఇప్పించుకునేసరికి నా బీపీ పెరిగింది. కులమేంటి, ఏం తింటారు అని ఫోన్లోనే అడిగేవాళ్ళు ఎక్కువే, ఆ ప్రశ్న విన్నాక ఆ ఇంట్లో మనకి నిద్ర పట్టదు, నేనయితే ఫోను పెట్టేస్తాను. అన్నిటికన్నా పెద్ద బాధ వంటిల్లు. వంటిల్లుందని రాస్తారు, వెళ్తే ఒక ఇండక్షన్ పొయ్యి, దాని మీద పనిచెయ్యని అల్యూమినియం గిన్నె. అందుకని మా ఆవిడ ఒక సంచి కట్టింది, అది సర్దితే గానీ రైలెక్కదు, అడుగు చదునుగా ఉన్న రెండు స్టీలు గిన్నెలు, మూడు లీటర్ల కుక్కరు, పోపులడబ్బా, అట్లకాడ, బట్టలారేసుకోడానికి నైలాను తాడు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఒక అరకేజీ ఆవకాయ. దాంతో ఏ ఊళ్ళోనైనా దిగిన సాయంత్రమే పప్పూ అన్నం ఉడుకుద్ది. సంచి బరువు నాది, రుచి ఆవిడది.

గది తీసుకునేటప్పుడు మేం చూసేవి చెప్తా, పనికొస్తాయేమో. నెల ఒక్కసారే మాట్లాడుకోం, మొదట నాలుగు రోజులకి దిగుతాం, నచ్చితే అక్కడే కూచుని నెలకి బేరం, ఎదురుగా ఉన్న మనిషికి ఆన్‌లైన్ రేటు కన్నా తగ్గిస్తారు. కరెంటు బిల్లు ఎవరిదో, మోటారెప్పుడు వేస్తారో ముందే అడగాలి. లాడ్జి గదికి జీఎస్టీ పడుద్ది, ఉండడానికి ఇల్లు ఇల్లుగానే అద్దెకి తీసుకుంటే మనలాంటి పెన్షనర్లకి ఆ బాధ లేదు. గ్యాసు కావాలంటే అడ్రెస్ ప్రూఫ్ అక్కర్లేని 5 కిలోల సిలిండరు దొరుకుద్ది. రైలు సంగతే బాధగా ఉంది, 2020 మార్చిలో ఆపేసిన సీనియర్ సిటిజన్ల రాయితీ ఇంకా తిరిగి ఇవ్వలేదు, మగవాళ్ళకి 40 శాతం ఆడవాళ్ళకి 50 శాతం ఉండేది, అదొక్కటి ఇస్తే ఈ క్యారవాన్ మోజులు సగం తగ్గుతాయి. అమలాపురానికి రైలు ఎప్పుడొస్తుందో అది ఇంకో ఉత్తరం రాస్తాను, కోటిపల్లి దాకా వచ్చి ఆగిందది.

ఆసుపత్రి విషయంలో గదికి తిరుగులేదు. 70 దాటినవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ వయవందన కార్డు 2024 అక్టోబరు చివర్లో మొదలెట్టారు, ఆ పథకంలో ఉన్న ఆసుపత్రి వేరే రాష్ట్రంలో అయినా చెల్లుద్ది, మేం గది చూసేది ముందు ఆ ఆసుపత్రి ఎంత దూరమో చూసుకునే. నెలరోజులు ఒకచోట ఉంటే మందుల షాపువాడికి మన షుగరు మాత్ర పేరు తెలుసుద్ది, పక్కింటివాళ్ళు పొద్దున్న తలుపు తియ్యకపోతే తడతారు. బండిలో ఉంటే తెల్లారేసరికి ఇంకో ఊళ్ళో ఉంటాం, గుండె పట్టేస్తే ఏ ఊరని చెప్తారు 108కి? కేంద్ర పెన్షనర్లం నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, దానికయితే ఊరికి రావక్కర్లేదు, ఫోనుకి మొహం చూపిస్తే అయిపోద్ది, పోయినసారి మాది తిరువణ్ణామలై నుంచే అయ్యింది.

ఇంత చెప్పి అసలు అడగాల్సింది అడక్కపోతే ఎలా. మనం ఎక్కడెక్కడో ఊళ్ళలో గదులు వెతుక్కుంటున్నాం, మన ఊళ్ళలో ఇళ్ళు తాళాలేసి ఉన్నాయి. రావులపాలెం నుంచి అంతర్వేది దాకా ఏ ఊళ్ళోకైనా వెళ్ళండి, వీధికి నాలుగైదు, ఓనరు హైదరాబాదో అమెరికానో కువైట్‌నో, సంక్రాంతికి నాలుగు రోజులు లైట్లు వెలుగుతాయి, మిగతా ఏడాదంతా పొద్దున్నొచ్చి ముంగిలి ఊడ్చి పోయే మనిషి తప్ప ఎవరూ ఉండరు. మా వీధిలో ఒక మండువా లోగిలి మొన్నీమధ్య తాళం తీస్తే తలుపు చెక్క ఉబ్బిపోయి ఇద్దరు పట్టి నెట్టాల్సొచ్చింది, లోపల గబ్బిలాల వాసన, బోరు మోటారు పట్టేసింది, బీరువా వెనక చెదలు నిలువెత్తున గూడు కట్టింది. మనుషులుంటే ఇల్లు ఇలా అవ్వదు. నెలకింతని అద్దెకిస్తే ఓనరుకి బాగుచేయించే ఖర్చన్నా వస్తుంది.

ఎవరొస్తారు అంటారా? వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్ళు ఎక్కడెక్కణ్ణుంచో కారేసుకుని ప్రతి వారం వచ్చిపోతున్నారు, వాళ్ళలో పెద్దవాళ్ళు నెలన్నర ఇక్కడే ఉందురు గదా గది దొరికితే. శివరాత్రికి కోటిపల్లి, ద్రాక్షారామం, భీష్మ ఏకాదశికి అంతర్వేది, అన్నీ గంటా గంటన్నర దూరమే. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి, అప్పుడు లాడ్జీలేం చాలతాయి, సంక్రాంతికే భీమవరంలో గది దొరకదు. డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళలో వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టిన ప్రాంతం ఇది, మనం ఊరికే పెట్టక్కర్లేదు, డబ్బు తీసుకునే పెడదాం.

ఓనర్లకున్న భయం నాకు తెలుసు, దిగినవాడు ఖాళీ చెయ్యడేమోనని. నెలకి మించి ఇవ్వకండి, కాగితం రాయించుకోండి, ఆధార్ కాపీ పోలీసు స్టేషన్లో ఇవ్వండి, తాళాలు చూసుకునే మనిషికి నెలకింతని జీతం కట్టండి, వాళ్ళకీ పని దొరుకుద్ది. వచ్చేవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పండి, ఏప్రిల్, మే నెలల్లో కాలవలో నీళ్ళుండవు ఉక్కపోత చంపుద్ది, జులై ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఎగరేశారంటే 13 లక్షల క్యూసెక్కులు కిందికొస్తున్నట్టు, లంక ఊళ్ళకి దార్లు మునుగుతాయి, అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుఫాను భయం, అంచేత పండగ వెళ్ళాక మార్చి చివరిదాకా బంగారం లాంటి కాలం అని. సర్కారువాళ్ళని నేనడిగేది చిన్నదే, రిసార్టులకి ఇచ్చే రాయితీల్లో కొంచెం ఇలా పాత ఇల్లు బాగుచేసి నెలవారీ ఇచ్చేవాళ్ళకి ఇవ్వండి, ఒక మరుగుదొడ్డి వెస్టర్న్ టైపు పెట్టించడానికీ, మెట్లకి పట్టుకునే కమ్మీ వేయించడానికీ అయినా.

ఇక మిమ్మల్ని అడిగేది, మీ జిల్లా ఎడిషన్లో పెళ్ళిసంబంధాల పక్కన నాలుగు లైన్ల జాగా వారానికోసారి నెలవారీ గదుల కోసం తక్కువ రేటుకి ఇవ్వండి, కారవాన్ల మీద ఫుల్ పేజీ వేశారు గదా. మొదటి ప్రకటన నాదే రాసుకోండి: అమలాపురం దగ్గర పల్లెటూరు, మేం లేనప్పుడు మా ఇంట్లో ముందు పోర్షను, సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి మార్చి నెలాఖరు వరకు, ఒక గది, వంటిల్లు, గ్యాసు పొయ్యి, గిన్నెలు అడుగు చదునైనవే, ఫ్యాన్లున్నాయి ఏసీ లేదు, మరుగుదొడ్డి లోపలే, మెట్లు రెండే. ఏం తింటారని అడగం. కారుంటే కొబ్బరిచెట్ల కింద పెట్టొద్దు, షెడ్డుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సబ్ పోస్ట్‌మాస్టర్,
కోనసీమ